కాటా దగ్గర నిలిచిన మనిషి

1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, ఫ్యాక్టరీ చట్టాలను చర్చించేచోట, మార్క్స్ ఒక పార్లమెంటరీ విచారణకు చాలా పుటలు కేటాయించాడు. అది గనుల పరిస్థితిపై 1866లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్టు కమిటీ జరిపిన విచారణ. సాక్ష్యం చెప్పినవారు గని కార్మికులు. ప్రశ్నలు వేసినవారిలో గనుల యజమానులే ఉన్నారు. పిల్లల పని, స్త్రీల పని, ప్రమాదాలు, చావులపై తూతూమంత్రంగా సాగే విచారణలు – వీటన్నిటితోపాటు అందులో దొంగ తూకాల గురించి కూడా ఒక భాగముంది. పిల్లల చాకిరీని గురించి చదివి చలించిపోయే మన విద్యార్థి మిత్రులు ఈ తూకాల భాగాన్ని గబగబా దాటేసి ముందుకు పోవటం నేను చాలాసార్లు గమనించాను. అది పొరపాటు. కార్మికులు అక్కడ అడిగినవి చూడండి. కూలి పదిహేను రోజులకు కాక వారం వారం ఇవ్వాలి. టబ్బు ఎంత పడుతుందన్న ఘనపరిమాణం లెక్కన కాక, బొగ్గు బరువు లెక్కన ఇవ్వాలి. దొంగ తూకాలనుంచి తమకు రక్షణ కావాలి. టబ్బును మోసంతో పెద్దది చేశారనుకుంటే 14 రోజుల నోటీసిచ్చి పని మానుకోవచ్చుగదా అని కమిటీవారు అడిగారు. మానుకొని మరో గనికి పోతే అక్కడా ఇదే వ్యవహారం అని కార్మికుడు బదులు చెప్పాడు.

ఇచ్చేటప్పుడొక మానిక, పుచ్చుకునేటప్పుడొక మానిక వాడిన షావుకార్లను ఎరిగిన తెలంగాణ పల్లెలకు ఇందులో కొత్తేమీ లేదు. అయినా గనిలో ఒక విశేషముంది. పల్లెలో రైతు కనీసం కళ్లముందు కొలుస్తుండగా చూడగలడు. బొగ్గు కొట్టేవాడు భూగర్భంలో ఉంటాడు. కాటా పైన, బావి మొగదల ఉంటుంది. తన శ్రమను లెక్కించే వేళకు, లెక్కించేచోట, తాను ఉండడు. టబ్బుకు తన నంబరున్న బిళ్ళ తగిలించి పైకి పంపుతాడు. యజమాని తూనికదారు ఆ బిళ్ళ చూసి, టబ్బును కాటామీదికి తోసి, తనకు తోచిన అంకె పుస్తకంలో వ్రాసుకుంటాడు. ఖాళీ టబ్బు బరువు ఇంత అని తీసివేస్తాడు. రాయి కలిసిందని తీసివేస్తాడు. పొడి ఎక్కువైందని తీసివేస్తాడు. నార్తంబర్లాండు, డర్హం గనుల్లో నిర్ణయించిన కొలతకు ఏ కొంచెం తగ్గినా ఆ టబ్బుకు మొత్తం కూలే లేకుండాపోయిన కాలం ఉంది. ఆ బొగ్గును మాత్రం యజమాని పారవేయలేదు, అమ్ముకున్నాడు.

ఇప్పుడు ఈ విషయం ఎత్తుకోవటానికి కారణముంది. గనులలో లోడు లెక్క, ఉత్పత్తి లెక్క మనిషి చేతినుంచి పూర్తిగా యంత్రానికి పోతున్నది. డంపరు తన బరువును తానే తూచుకుంటుంది. తాను ఎక్కడ ఉన్నదీ ఉపగ్రహాలద్వారా తానే తెలుపుతుంది. ఏ ట్రిప్పు ఎన్ని నిమిషాలు పట్టిందో దూరాన కూర్చున్న కంప్యూటరు వ్రాసుకుంటుంది. ఇక తూకంలో తగాదాకు తావులేదనీ, యంత్రానికి పక్షపాతం ఉండదనీ ఇంజనీర్లు అంటారు. మన మిత్రుల్లోనూ కొందరు ఈ మాటను నమ్మారు. యంత్రం అబద్ధమాడదని నేనూ ఒప్పుకుంటాను. కాని గని చరిత్రలో తగాదా కాటా నిజం చెబుతుందా లేదా అన్న ఒక్క దానిమీదనే జరగలేదు. కాటా పక్కన నిలబడే హక్కు ఎవరిదన్నదానిమీద జరిగింది. ఈ రెండింటినీ కలగలిపివేయటంవల్లనే గందరగోళమంతా వస్తున్నది.

బ్రిటన్‌లో 1860 నాటి గనుల చట్టం కార్మికులకు ఒక హక్కు ఇచ్చింది. తమ ఖర్చుతో తమ మనిషినొకణ్ణి కాటా దగ్గర నిలబెట్టుకోవచ్చు. అతనికి ‘చెక్ వెయర్’ అని పేరు. యజమాని తూనికదారు వ్రాసుకునే ప్రతి అంకెనూ ఇతను సరిచూసి తన పుస్తకంలో విడిగా వ్రాసుకుంటాడు. జీతం యజమానిది కాదు. కార్మికులు తమ కూలిలోంచి పెన్నీ పెన్నీ తీసి ఇచ్చుకునేది. తమకు రావలసినది తమకు వచ్చేటట్లు చూసుకోవటానికి మళ్ళీ తామే డబ్బు పెట్టుకోవలసి వచ్చింది! అయినా పెట్టుకున్నారు, సంతోషంగా పెట్టుకున్నారు.

చట్టంలో చిన్న మెలిక ఉండిపోయింది. ఆ మనిషి ఆ గనిలో పనిచేసేవాడే అయివుండాలి. యజమానులకు అంతకంటె కావలసిందేముంది? కార్మికులు ఎన్నుకున్నవాణ్ణి పనిలోనుంచి తీసివేస్తే సరి – పనివాడు కానివాడు చెక్ వెయరూ కాడు. 1864లో దక్షిణ యార్క్‌షైర్ గని కార్మికుల సంఘానికి కార్యదర్శి అయిన జాన్ నార్మన్‌సెల్ ఇట్లా ఎన్నికై, తొలగింపబడి, కోర్టులదాకా పోరాడినవాడే. 1872 చట్టం బరువునుబట్టి కూలి అన్నదాన్ని సాధారణ నియమం చేసింది. 1887 చట్టంతోగాని ఆ పాత మెలిక విడిపోలేదు. ఆ తరువాత చెక్ వెయర్ ఆ యజమాని కింద పనిచేసేవాడు కానక్కరలేదు. మెజారిటీ ఎన్నుకుంటే అతని జీతానికి అందరూ వాటా ఇవ్వవలసిందే. ఒక అంకెను సరిచూసుకునే హక్కు గట్టిపడటానికి 27 సంవత్సరాలు పట్టింది.

ఆ చట్టాల్లోనే ఇంకొక సంగతి ఉంది. చెక్ వెయర్ గని పనిలో జోక్యం చేసుకుంటే, ఆటంకం కలిగిస్తే, యజమాని కోర్టుకు పోయి అతణ్ణి తొలగింపజేయవచ్చు. అంటే చూడవచ్చు, వ్రాసుకోవచ్చు. అంతకుమించి నోరు మెదపరాదన్నమాట. శాసనకర్తల భయం వృథా కాలేదు. యజమాని జీతం తినని మనిషి ఒకడు ప్రతిదినం గనిమీద నిలబడి, ఎవరి టబ్బు ఎంత తూగిందో, ఎవరికి ఎంత కోత పడిందో, ఉత్పత్తి మొత్తం ఎంతో తెలుసుకుంటుంటే అతడు ఉత్త తూనికదారుగా ఉండిపోతాడా? ఆ గనిలో లెక్కలన్నీ తెలిసిన ఒకే ఒక కార్మికుడు అతడు. యజమాని తీసివేయలేని ఒకే ఒక కార్మికుడూ అతడే. సంఘం సహజంగా అతని చుట్టూ అల్లుకున్నది. దక్షిణ వేల్సులోని మార్డీ గనివారు 1919లో ఆర్థర్ హోర్నర్‌ను తమ చెక్ వెయర్‌గా ఎన్నుకున్నప్పుడు అతడు జైల్లో ఉన్నాడు. ఆ తరువాత బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ స్థాపక సభ్యుల్లో ఒకడై, 1936లో దక్షిణ వేల్సు గని కార్మికుల ఫెడరేషనుకు అధ్యక్షుడూ, 1946లో జాతీయ గని కార్మికుల యూనియనుకు ప్రధాన కార్యదర్శీ అయ్యాడు. మార్డీకి పత్రికలు ‘చిన్న మాస్కో’ అని పేరు పెట్టాయి. ఆ చిన్న మాస్కోకు దారి ఒక కాటామీదుగా పోయిందన్న సంగతి మన చరిత్ర పుస్తకాల్లో కనబడదు.

యజమానులు ఊరుకున్నారా? మనిషిని తొలగించటం కుదరనప్పుడు యంత్రాన్ని తెచ్చారు. స్వయంచాలక లెక్క ఇరవై ఒకటవ శతాబ్దపు వింత అనుకునేవారు వేల్సు గనుల్లోని ‘బిల్లీ ఫెయిర్‌ప్లే’ సంగతి తెలుసుకోవాలి. పైకి వచ్చిన బొగ్గును ఒక జల్లెడమీద దొర్లిస్తారు. పెళ్ళలు అవతలికి పోతాయి. పొడి కిందనున్న పెట్టెలో పడుతుంది. ఆ పెట్టె ఒక తూనిక యంత్రంమీద ఉంటుంది. ఎంత పొడి పడిందో ముల్లు చూపుతుంది. అంత బరువూ కార్మికుని ఖాతాలోనుంచి కొట్టివేస్తారు. మనిషి ప్రమేయం లేదు, కోపతాపాలు లేవు, లెక్క కూడా చాలావరకు నిజమే. పేరే ‘న్యాయమైన ఆట’! కాని ఆ పొడిని కొట్టినదీ కార్మికుడే, అమ్ముకున్నది యజమానే. ముల్లు పొడి బరువును నిజంగానే చూపింది. పొడికి కూలి లేదని నిర్ణయించినది ముల్లు కాదు. ఆ నిర్ణయం యంత్రంలోపలికి పోయి కూర్చున్న తరువాత దానితో వాదించటానికి ఎవరూ కనబడరు. వేల్సు కార్మికులు ఆ యంత్రాన్ని ఎంత అసహ్యించుకున్నారో అర్థం చేసుకోవటానికి యంత్రద్వేషం అన్న మాట సరిపోదు.

అమెరికాలో ఈ పోరాటం మరింత నెత్తురు తాగింది. పెన్సిల్వేనియా ఆంత్రసైటు గనుల్లో కార్మికుని ‘టన్ను’ వేరు, బజారు టన్ను వేరు. బజారులో 2,240 పౌండ్లు ఒక టన్నయితే, గనిలో కూలికి లెక్కించే టన్ను కొన్నిచోట్ల 3,000 పౌండ్లు దాటింది. 1902 నాటి మహా సమ్మె తరువాత నియమితమైన కమిషను 1903లో ఇచ్చిన తీర్పులో, కార్మికులలో అధిక సంఖ్యాకులు కోరితే తమ ఖర్చుతో చెక్ వెయర్‌నూ, కోతలను సరిచూసే మనిషినీ నియమించుకోవచ్చునన్నది. 1913లో కొలరాడో గని కార్మికులు సమ్మె చేసినప్పుడు పెట్టిన ఏడు కోరికల్లో, కంపెనీ జోక్యం లేకుండా చెక్ వెయర్‌ను ఎన్నుకునే హక్కు ఒకటి. ఆ హక్కు ఆ రాష్ట్రచట్టంలో అప్పటికే ఉన్నది! రాక్‌ఫెల్లర్ల కంపెనీ గనుల్లో దాన్ని అమలు చేయమని అడగటమే నేరమయింది. 1914 ఏప్రిల్ 20న లడ్లో వద్ద సమ్మెదారుల గుడారాలు కాలినప్పుడు ఒకే గోతిలో 11 మంది పిల్లలూ, ఇద్దరు స్త్రీలూ చనిపోయారు. లడ్లోను వేతనాల పోరాటంగానో, యూనియన్ గుర్తింపు పోరాటంగానో చెప్పి వదిలేస్తాము. ఆ గుడారాలలో ఉన్నవారు తమ టన్ను ఎన్ని పౌండ్లో తెలుసుకోగోరినవారు కూడా.

మన దేశానికి వస్తే కథ కొంత వేరు. సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు ప్రాంతంలో మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇక్కడా, ఝరియా–రాణీగంజ్ ప్రాంతాల్లోనూ పీస్‌రేటు కార్మికుని కూలికి ప్రమాణం తూకం కాదు, టబ్బు. 1866లో లండన్‌లో కార్మికులు ఏ ఘనపరిమాణపు లెక్క వద్దని మొత్తుకున్నారో, అదే లెక్క మన గనుల్లో తరువాత మూడు పాతికల యేండ్లకు పైగా నడిచింది. బొగ్గుబాయిలోకి దిగిన ఫిల్లరు తట్టతో మోసి టబ్బు నింపాలి. అంచులదాకా నిండిందా, గోపురంగా నిండిందా, కుదుపులకు దిగిపోయిందా – ఇవన్నీ పైనున్నవారి దయమీద ఆధారపడినవే. దానికితోడు టబ్బు ఉంటేనే కూలి. ఖాళీ టబ్బులు రాక గంటలకొద్దీ కూర్చుంటే ఆ గంటలు ఎవరి లెక్కలోనూ లేవు.

ఇక్కడ మన కార్మికోద్యమం వేరే దారి పట్టింది. బ్రిటన్‌లోవలె కాటా దగ్గర మనిషిని నిలబెట్టే పోరాటం మన దేశంలో ప్రధానం కాలేదు. 1952 నాటి గనుల చట్టం భద్రతనూ పనిగంటలనూ పట్టించుకున్నదేగాని, కార్మికుడు ఎన్నుకునే తూనికదారు ప్రసక్తి అందులో లేదు. మనవారు పోరాడింది హామీ కూలికోసం. 1956 నాటి అఖిలభారత కాలరీ ట్రిబ్యునల్ అవార్డు కాలంనుంచి గట్టిపడిన ‘ఫాల్‌బ్యాక్’ కూలి – టబ్బులు ఇవ్వని తప్పు యాజమాన్యానిదైతే కార్మికునికి ఇంత కూలి ఇచ్చితీరాలన్న నియమం – ఈ పోరాట ఫలితమే. ఇది చిన్న విజయం కాదు. టబ్బు లెక్కలోని అన్యాయానికి అడుగున ఒక నేల ఏర్పడింది. కాని నా అభిప్రాయంలో దీనివల్ల ఒక నష్టమూ జరిగింది. లెక్క యాజమాన్యం పని, బేరం మన పని అన్న అలవాటు సంఘాలకు పట్టుకున్నది. ఉత్పత్తి అంకెలు ఎట్లా పుడతాయో తెలుసుకునే కార్మిక సంప్రదాయం మనకు ఏర్పడలేదు. 1973లో బొగ్గు జాతీయమైనప్పుడు కూడా ఆ లోటు తీరలేదు. గని ప్రజలదయింది, టబ్బు పుస్తకం ఆఫీసుదిగానే ఉన్నది.

తరువాత పీస్‌రేటే కూలిపోతూ వచ్చింది. యంత్రం బొగ్గు కోసి, యంత్రమే ఎత్తిపోస్తుంటే ఈ టన్ను ఫలానావాడిదని చెప్పటం ఎట్లా? బ్రిటన్‌లో 1966 నాటి జాతీయ పవర్ లోడింగ్ ఒప్పందంతో యంత్రపు ముఖాలవద్ద పనిచేసేవారికి టన్ను కూలి పోయి రోజు కూలి వచ్చింది. మన సింగరేణిలో తట్ట–టబ్బు పని తగ్గి, ఎస్.డి.ఎల్. యంత్రాలు వచ్చి, ఫిల్లరు అన్న పేరే అరుదైపోయింది. రోజు కూలి రావటం కార్మికులకు మేలేననటంలో సందేహం లేదు. దానితో చెక్ వెయర్ పని అంతరించింది. సరే, కాటా తగాదా తీరింది అని అందరూ అనుకున్నారు.

తీరలేదు. లెక్క చోటు మార్చుకున్నది. ఇంతవరకు సరుకును లెక్కించినది ఇప్పుడు సమయాన్ని లెక్కించటం మొదలుపెట్టింది. బ్రిటిష్ జాతీయ బొగ్గు బోర్డు ‘మినోస్’ అనే కంప్యూటరు వ్యవస్థను ప్రవేశపెట్టింది. అందులో ‘ఫిడో’ అనే భాగం బొగ్గు ముఖంవద్ద యంత్రం ఎన్ని నిమిషాలు నడిచింది, ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది పైన ఉన్న కంట్రోలు గదికి ఎప్పటికప్పుడు చేరవేసేది. పూర్వం భూగర్భంలో పనివారికి ఒక స్వేచ్ఛ ఉండేది. ఓవర్‌మన్ వచ్చిపోయేదాకా తమ పని తాము దిద్దుకునే స్వేచ్ఛ. దూరం వల్ల కలిగిన ఆ స్వేచ్ఛ ఒక తీగతో పోయింది. 1984–85 సమ్మెకు గనుల మూసివేతే కారణమని అందరూ ఎరిగినదే. కాని ఏ గని లాభదాయకం, ఏది కాదు అని తేల్చిన అంకెలు ఎవరివన్నది ఆ సమ్మెలో చివరిదాకా నలిగిన ప్రశ్న.

ఓపెన్‌కాస్టు గనుల్లో ఇది మరింత వేగంగా జరిగింది. అరిజోనాలోని టూసాన్‌లో 1979లో ఏర్పడిన ఒక సంస్థ డంపర్లను కంప్యూటరుతో నడిపించే ‘డిస్పాచ్’ పద్ధతిని తయారుచేసి, 1980లో న్యూ మెక్సికోలోని టైరోన్ రాగి గనిలో పెట్టింది. ఏ డంపరు ఏ షవల్ దగ్గరికి పోవాలో యంత్రం చెబుతుంది. ప్రతి లోడూ, ప్రతి నిరీక్షణా దానిలో నమోదవుతుంది. ఆ గని యజమాని అయిన ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీయే 1983లో అరిజోనాలో మొదలైన సమ్మెను అణచి సంఘాలను తన గనులనుంచి వెళ్ళగొట్టింది. మొదటిది రెండవదానికి కారణమని నేననను. రెండూ ఒకే యింటి పనులని మాత్రం అంటాను.

అయితే లెక్క కచ్చితంగా ఉండకపోవటం కార్మికునికి మేలని వాదించే వామపక్ష అమాయకత్వాన్ని కూడా ఇక్కడ ఖండించాలి. లెక్క లేనిచోట దోచుకునేది కార్మికుడు కాదు. మన పొరుగున బళ్ళారిలో ఏమి జరిగింది? పర్మిట్టులో వ్రాసిన బరువుకు మించి ఇనుప ఖనిజం నింపుకున్న లారీలు వరుసలు కట్టి రేవులకు పోయాయి. పర్మిట్టే లేని ఖనిజమూ పోయింది. బెలెకేరి రేవులో ప్రభుత్వం జప్తు చేసిన ఖనిజమే 2010లో మాయమయింది. అనంతపురం జిల్లా ఓబుళాపురం వైపు రాష్ట్రాల సరిహద్దు గుర్తులే వివాదంలో పడ్డాయి. కర్ణాటక లోకాయుక్త 2011లో నివేదిక ఇచ్చింది. ఆ సంవత్సరమే సుప్రీంకోర్టు బళ్ళారిలో తవ్వకాలను ఆపింది. అప్పటినుంచి కంప్యూటరు పర్మిట్లు, కాటాలవద్ద కెమేరాలు, లారీలకు జి.పి.ఎస్. అన్నవి పెరిగాయి. బొగ్గు గనుల్లోనూ దొంగతనం ఆపటానికి ఇవే పెట్టారు. పెట్టవలసినవే. ప్రజల సొత్తుకు ప్రజల లెక్క ఉండాలి. ఇక్కడ యంత్రం ఎవరిమీద కన్నువేసిందో గమనించండి. యజమాని చేసిన దొంగతనం పట్టుబడిన తరువాతే, ఎన్నో యేండ్లు ఆలస్యంగా, యజమాని కాటాకు ఒక కాపలా వచ్చింది. కార్మికుని ట్రిప్పుకు, నిమిషానికి కాపలా పెట్టడానికి ఎవరూ ఏ కుంభకోణంకోసమూ ఎదురుచూడలేదు.

యంత్రపు లెక్క తగాదాకు అతీతమన్న మాటను కూడా ఒకసారి దగ్గరగా చూద్దాం. డంపరు తనను తాను తూచుకునేది తన కింద ఉన్న నాలుగు సస్పెన్షన్ సిలిండర్లలోని ఒత్తిడినిబట్టి. వాలుమీద నిలబడితే ఒత్తిడి ఒకవైపుకు ఒరుగుతుంది, అంకె చెదురుతుంది. వర్షాకాలంలో బురద తొట్టెకు అంటుకొని దిగకుండా ఉండిపోతే, ఆ బురదనే ప్రతి ట్రిప్పులోనూ మళ్ళీ మళ్ళీ మోయవలసి వస్తుంది. దాన్ని సరుకులో కలుపుకోవాలా, ఖాళీ బండి బరువులో కలుపుకోవాలా? కన్వేయరు బెల్టు కాటా బెల్టుమీది బరువును బెల్టు వేగంతో గుణించి టన్నులు చెబుతుంది. బెల్టుకు తడిమట్టి పట్టినా, రోలర్లు అరిగినా దాని సున్న జరిగిపోతుంది. మళ్ళీ మళ్ళీ సరిచేయాలి. ఎప్పుడు సరిచేయాలి, ఎంత తేడాను క్షమించాలి, ఖాళీ బరువు ఎంతగా పట్టాలి అన్నవన్నీ మనుషులు నిర్ణయించేవే. 1866లో ఖాళీ టబ్బు బరువు, తడి, పొడి, రాయి అన్న మాటలతో నడిచిన తగాదా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ లోపల నడుస్తున్నది. తేడా ఏమిటంటే, ఆనాడు అది కాటా పక్కన ఇద్దరు మనుషులమధ్య అందరూ వినేటట్లు నడిచేది.

సింగరేణి ఓపెన్‌కాస్టులను తీసుకుందాం. 1975లో రామగుండంలో మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు కంపెనీ ఉత్పత్తిలో అధికభాగాన్ని ఇస్తున్నది. బొగ్గుమీది మట్టిని – ఓబీ అని అందరూ అనేదాన్ని – తీసే పని చాలావరకు కాంట్రాక్టర్లది. వారికి డబ్బు ఘనపుమీటర్ల లెక్కన. ఆ ఘనపుమీటర్లను కొలిచేది సర్వే యంత్రాలు. ఆ కొలతమీద తగాదా వస్తే కంపెనీకీ కాంట్రాక్టరుకూ మధ్య కాగితాలున్నాయి, ఇంజనీర్లున్నారు, కోర్టులున్నాయి. ఆ మట్టిని రాత్రంతా మోసిన కాంట్రాక్టు డ్రైవరుకు ఆ పత్రంలో పేరు లేదు. ఎన్ని ట్రిప్పులు పడ్డాయో అతడు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ లెక్క చెల్లే చోటు మాత్రం లేదు. పర్మినెంటు కార్మికుల సంఘాలు గుర్తింపు ఎన్నికల్లో అడిగే కోరికల జాబితాల్లో, కాటా సరిచేసే రోజున మా మనిషి అక్కడ ఉండాలి, లోడు రికార్డు నకలు సంఘానికి ఇవ్వాలి అన్న వాక్యం నా కంటబడలేదు. 1860లో ఇంగ్లీషు గని కార్మికుడు, అక్షరం ముక్క రానివాడు కూడా, ఆ వాక్యాన్ని అడగగలిగాడు.

పెద్ద డంపర్లలో తూనిక పరికరంతోపాటు బండికి బయటివైపున దీపాలు అమర్చినవి ఉన్నాయి. నింపుతున్నంతసేపు పచ్చదీపం వెలుగుతుంది. చాలినంత పడిందని ఎర్రదీపం వెలుగుతుంది. ఆ దీపాలు తిరిగి ఉండేది షవల్ నడిపేవాడివైపు, ఇంకొక బకెట్ వేయాలా వద్దా అన్నది అతనికి తెలియటానికి. టన్నుల అంకె కంట్రోలు గదికి పోతుంది. షిఫ్టు ముగిసి, లోడుకింద దినమంతా కూర్చున్న డ్రైవరు బండి దిగేటప్పుడు అతని చేతికి ఇచ్చే చీటీ ఏదీ లేదు.